కదలవలసింది తాళంచెవి కాదు, సొమ్ము

ఇంట్లో పెద్దవారి పెట్టె తెరిస్తే అందులో ఏముంటాయో మనందరికీ తెలుసు. పొలం పట్టా, ఇంటి దస్తావేజు, నిఖానామా, బ్యాంకు పాస్‌బుక్కు, గడువు తీరిన పాస్‌పోర్టు, నగల దుకాణం రసీదు. ఈ కాగితాలను ఎక్కడికి తీసుకువెళ్లాలో, ఎవరి సంతకం కావాలో ఊళ్లో నలుగురిని అడిగితే చెబుతారు. అయితే గత పదిహేనేళ్లలో కొన్ని ఇళ్లలో ఆ పెట్టెలోకి మరో వస్తువు వచ్చి చేరింది. అది పనిచేయని ల్యాప్‌టాప్ కావచ్చు, వేలెడంత పెన్‌డ్రైవ్ కావచ్చు, పన్నెండు ఇంగ్లీషు మాటలు వరుసగా రాసి ఉన్న చిన్న కాగితం కావచ్చు. కువైట్‌లోనో, దుబాయిలోనో, అమెరికాలోనో ఉద్యోగం చేసిన కుమారుడు, హైదరాబాదులో ఇంజనీరింగు చదివిన మేనల్లుడు ఆ రోజుల్లో సరదాకు కొన్న బిట్‌కాయిన్‌కు అది ఆనవాలు.

ఆ ఆనవాలు చేతికి దొరికిన రోజున ఇల్లంతా సంబరపడుతుంది. ఆ సంబరంలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. పెట్టెలో నిద్రపోయినంత కాలం ఆ సొమ్ముకు ముప్పు తక్కువ. దాన్ని లేపిన రోజున తొందరపడి చేసిన పనుల వల్ల సర్వం పోగొట్టుకున్నవారు ఉన్నారు. కనుక పాత వాలెట్‌లోని సొమ్మును క్షేమంగా కొత్త చోటికి ఎలా తరలించుకోవాలో తెలుసుకుందాం.

నాటి సరదా, నేటి ఆస్తి

2011 ఫిబ్రవరిలో ఒక బిట్‌కాయిన్ విలువ ఒక అమెరికా డాలరుకు చేరింది. 2013 నవంబరులో వెయ్యి డాలర్లు దాటింది. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. ధర పడుతూ లేస్తూ ఉండేదే అయినా, నాడు ఒక పూట భోజనం ఖర్చుతో కొన్నది నేడు ఒక ఇంటి ఖరీదు చేయవచ్చు.

అంత విలువైన ఆస్తి ఎంత తేలికగా చేజారుతుందో చెప్పడానికి రెండు ఉదంతాలు చాలు. బ్రిటన్‌లోని న్యూపోర్ట్‌కు చెందిన జేమ్స్ హోవెల్స్ హార్డ్‌డిస్క్ 2013లో చెత్తకుప్పకు చేరింది. సుమారు 8,000 బిట్‌కాయిన్‌లకు సంబంధించిన తాళంచెవి అందులో ఉంది. కుప్ప తవ్వుకోనివ్వాలని ఆయన నగర పాలక మండలితో ఏళ్ల తరబడి పోరాడారు. 2025 జనవరిలో న్యాయస్థానం ఆయన దావాను కొట్టివేసింది. రెండవది శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రోగ్రామరుగా పనిచేసిన స్టెఫాన్ థామస్ ఉదంతం. ఆయన 7,002 బిట్‌కాయిన్‌ల తాళంచెవిని ఐరన్‌కీ అనే పెన్‌డ్రైవ్‌లో దాచి, పాస్‌వర్డు రాసిన కాగితాన్ని పోగొట్టుకున్నారు. ఆ పెన్‌డ్రైవ్ పదిసార్లకు మించి ప్రయత్నించనివ్వదు. 2021 జనవరి నాటికి ఎనిమిది ప్రయత్నాలు అయిపోయాయి.

ఈ ఇద్దరినీ ఏ దొంగా దోచుకోలేదు. సొమ్ము ఉన్నచోటనే ఉంది. దాన్ని కదిలించే తాళంచెవి మాత్రం చేతిలో లేదు.

వాలెట్‌లో ఉండేది ఏమిటి?

వాలెట్ అనగానే డబ్బు ఉండే పర్సు అనుకుంటాం. నిజానికి ఈ వాలెట్‌లో డబ్బు ఉండదు. ఏ చిరునామాకు ఎంత సొమ్ము చెందుతుందో తెలిపే లెక్కల పుస్తకం ప్రపంచవ్యాప్తంగా వేలాది కంప్యూటర్లలో ఒకేలా నడుస్తూ ఉంటుంది. అది 2009 జనవరి 3న మొదలైంది. ఆ పుస్తకంలో మన పేరు ఉండదు, చిరునామా అనే పొడవాటి అక్షరాల వరుస మాత్రమే ఉంటుంది. ఆ చిరునామాలోని సొమ్మును కదిలించే అధికారం ఒక రహస్య సంఖ్యకు ఉంటుంది. అదే తాళంచెవి. వాలెట్ దాచేది దాన్నే. కాగితం మీద రాసి పెట్టుకునే 12 లేక 24 ఇంగ్లీషు మాటలు ఆ రహస్య సంఖ్యకు మరో రూపం. వాటిని సీడ్ పదాలు అంటారు.

ఇక్కడ బ్యాంకు మేనేజరు లేడు. పాస్‌వర్డు మరచిపోతే కొత్తది ఇచ్చే కౌంటరు లేదు. నామినీ కాలమ్ లేదు. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే సొమ్మును కదిలించే శక్తి వారిదే. దొంగ చేతిలో పడినా అంతే.

ఈ ఒక్క సంగతి అర్థమైతే తక్కినవన్నీ సులభం. ఎందుకంటే చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. పాత కాగితంలోని పన్నెండు మాటలను ఫోనులోని కొత్త యాప్‌లో కొట్టగానే సొమ్ము కొత్త వాలెట్‌లోకి వచ్చేసిందని భావిస్తారు. తెర మీద అంకె కూడా కనిపిస్తుంది. కాని సొమ్ము అంగుళం కూడా కదలలేదు. పాత ఇంటి తాళానికి బజారులో మరో తాళంచెవి చేయించుకున్నంత మాత్రాన నగలు కొత్త ఇంటికి చేరినట్టా? పైగా ఇప్పుడు ఆ తాళంచెవి రెండు చోట్ల ఉంది. ఆ యాప్ నకిలీదైతే మూడవ చోట, దొంగ దగ్గర కూడా ఉంది.

తరలించడం అంటే వేరు. కొత్త వాలెట్‌లో కొత్త తాళంచెవి పుట్టాలి. దాని కొత్త చిరునామాకు పాత వాలెట్ నుంచి సొమ్ము పంపాలి. అప్పుడు పాత తాళంచెవి ఖాళీ గదికి తాళంచెవి అవుతుంది. అది ఎవరి కంట పడినా నష్టం ఉండదు. కదలవలసింది సొమ్ము, తాళంచెవి కాదు.

ఒక్క నవీకరణ ఖరీదు

2020 ఆగస్టులో వెలుగు చూసిన సంఘటన ఈ విషయంలో అందరికీ పాఠం. ఒక వ్యక్తికి ఎలక్ట్రమ్ అనే వాలెట్‌లో 1,400 బిట్‌కాయిన్‌లు ఉన్నాయి. 2017 నుంచి ఆయన దాన్ని తెరవలేదు. మూడేళ్ల తరువాత పాత వెర్షన్‌నే కంప్యూటర్‌లో వేసుకుని, సుమారు ఒక బిట్‌కాయిన్ పంపబోయారు. భద్రత కోసం ముందు నవీకరించుకోవాలని తెర మీద ఒక సందేశం వచ్చింది. ఆయన అందులో చెప్పినట్టే చేశారు. మొత్తం 1,400 బిట్‌కాయిన్‌లూ దొంగల చిరునామాకు వెళ్లిపోయాయి. నాటి విలువ ప్రకారం అది సుమారు 1 కోటి 60 లక్షల డాలర్లు.

ఇది ఎలా జరిగింది? ఎలక్ట్రమ్ పాత వెర్షన్లు తాము కలిసిన సర్వర్ ఏ సందేశం పంపినా తెర మీద చూపించేవి. దొంగలు సొంతంగా సర్వర్లు నడిపి, నకిలీ నవీకరణకు దారి చూపే సందేశాన్ని పంపారు. ఈ మోసం 2018 డిసెంబరులోనే బయటపడింది. తరువాతి వెర్షన్లలో ఆ లోపాన్ని సరిదిద్దారు. కాని మూడేళ్లుగా వాలెట్ తెరవని మనిషికి ఆ కబురు ఎవరు చేరవేస్తారు? పాత వాలెట్‌తో వచ్చే చిక్కు ఇదే. మన సొమ్ము నిద్రపోయినా దొంగలు నిద్రపోలేదు.

కనుక మొదటి నియమం. తెర మీద వచ్చిన సందేశంలోని లింకు నుంచి గాని, వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటన నుంచి గాని, ఎవరో పంపిన ఫైలు నుంచి గాని వాలెట్ ప్రోగ్రామును ఎన్నడూ దించుకోరాదు. ఆ ప్రోగ్రాము తయారీదారుల అసలు వెబ్ చిరునామాను మనమే అక్షరం అక్షరం కొట్టి వెళ్లాలి. దించుకున్న ఫైలు అసలుదేనా అని సరిచూసుకోవడానికి తయారీదారులు డిజిటల్ సంతకాన్ని కూడా అక్కడే ఉంచుతారు. అది సరిచూడటం తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే ఆ పని వారికి అప్పగించాలి.

కదిలించక తప్పని వాలెట్లు

‘ఇంత ప్రమాదమైతే అసలు ముట్టుకోకుండా ఉంటే పోదా?’ అని కొందరు అడగవచ్చు. అన్ని వాలెట్ల విషయంలో అది క్షేమం కాదు. కొన్ని పాత తాళంచెవులు పుట్టుకలోనే బలహీనమైనవి.

తాళంచెవి ఎవరూ ఊహించలేని సంఖ్య అయి ఉండాలి. పన్నెండు పదాల వెనుక ఉండే సంఖ్య 39 అంకెల వరకు వెళ్లగలదు. కాని 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్లలో అటువంటి సంఖ్యలను పుట్టించే యంత్రాంగంలోనే లోపం ఉన్నట్టు తేలింది. నాడు నిపుణులు ఇచ్చిన సలహా గమనించదగినది. యాప్‌ను నవీకరించుకుంటే చాలదు, కొత్త చిరునామా పుట్టించుకుని సొమ్మంతా అక్కడికి పంపుకోవాలని వారు చెప్పారు. 2023లో లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రాములోని మూడవ తరం వెర్షన్లు ఇచ్చిన సీడ్ పదాలకు సుమారు 429 కోట్ల అవకాశాలు మాత్రమే ఉన్నాయని వెల్లడైంది. వినడానికి పెద్ద సంఖ్యే అయినా కంప్యూటర్‌కు అది కొద్దిరోజుల పని. ఆ వాలెట్లను దొంగలు 2023 జులైలో ఖాళీ చేశారు. అదే ఏడాది నవంబరులో, 2011 నుంచి 2015 వరకు ఇంటర్నెట్ బ్రౌజరులో తయారైన కొన్ని వాలెట్లలోనూ ఇటువంటి బలహీనత ఉన్నట్టు పరిశోధకులు ప్రకటించారు.

ఆ కాలంలో ఏదో వెబ్‌సైట్‌లో తయారు చేసుకుని కాగితం మీద అచ్చు వేసుకున్న వాలెట్ మీ వద్ద ఉంటే, దాన్ని అలాగే వదిలేయడం కంటే నిదానంగా, పద్ధతిగా తరలించుకోవడమే మేలు.

ముట్టుకునే ముందు

మొదట చూడాలి, తరువాత నకలు తీయాలి, ఆ తరువాతే తెరవాలి. ఈ వరుస తప్పరాదు.

చూడటానికి తాళంచెవి అక్కర లేదు. పాత ఈమెయిళ్లలోనో, కాగితం మీదనో వాలెట్ చిరునామా ఉంటుంది. బిట్‌కాయిన్ చిరునామాలు 1తో గాని, 3తో గాని, బీసీ1 అనే అక్షరాలతో గాని మొదలవుతాయి. లెక్కల పుస్తకాన్ని చూపించే బహిరంగ వెబ్‌సైట్లలో ఆ చిరునామాను వెతికితే అందులో ఎంత సొమ్ము ఉందో కనిపిస్తుంది. చిరునామాను చూసినంత మాత్రాన ఎవరూ సొమ్మును కదిలించలేరు. లెక్క చూపిస్తామంటూ ఏ వెబ్‌సైటైనా పన్నెండు పదాలు అడిగితే అది దొంగల గుడారమని గ్రహించాలి.

తరువాత, అది నిజంగా వాలెట్టేనా, లేక కొనుగోలు అమ్మకాలు జరిపే ఎక్స్ఛేంజిలోని ఖాతానా అన్నది తేల్చుకోవాలి. ఎక్స్ఛేంజిలో ఉన్న సొమ్ముకు తాళంచెవి ఆ సంస్థ వద్దనే ఉంటుంది. జపాన్‌లోని మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో మూతపడింది. దాని ఖాతాదారులకు బిట్‌కాయిన్ రూపంలో చెల్లింపులు మొదలు కావడానికి 2024 జులై వరకు పట్టింది. మన దేశంలో కోయినెక్స్ 2019 జూన్‌లో వ్యాపారం మూసివేసింది. అటువంటి ఖాతాల దారి వేరు, ఇక్కడ చెప్పే దారి వేరు.

ఇక నకలు. పాత బిట్‌కాయిన్ ప్రోగ్రాములో తాళంచెవులన్నీ వాలెట్ డాట్ డీఏటీ అనే ఒకే ఫైలులో ఉంటాయి. దాన్ని తెరవడానికి ముందే రెండు కొత్త పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి వేర్వేరు చోట్ల దాచాలి. ఏ ప్రయోగం చేసినా నకలు మీదనే చేయాలి, అసలును ముట్టరాదు. ఇందులో మరో మెలిక ఉంది. ఆ పాత ప్రోగ్రాము వంద తాళంచెవులను ముందుగా తయారు చేసి ఉంచుకుని, అవి అయిపోతున్న కొద్దీ కొత్తవి పుట్టించేది. అందువల్ల ఎన్నో లావాదేవీలకు ముందు సీడీలో తీసిన నకలులో తరువాతి తాళంచెవులు ఉండకపోవచ్చు. రెండు నకళ్లు దొరికితే పాతదని ఒకదాన్ని పారవేయకండి. మరో సంగతి. 2025 అక్టోబరులో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ 30వ వెర్షన్ నుంచి పాత తరహా ఫైళ్లు నేరుగా తెరుచుకోవు, కొత్త తరహాలోకి మార్చుకోవాలి. నకలు లేకుండా ఆ మార్పుకు పూనుకోరాదు.

సీడ్ పదాలు దొరికితే వాటిని ఏ ప్రోగ్రాము ఇచ్చిందో మొదట కనుక్కోవాలి. పన్నెండు పదాలన్నీ ఒకే రకం కావు. 2013లో వచ్చిన ఒక పద్ధతి ప్రకారం 2,048 మాటల జాబితా నుంచి పదాలను ఎంచే వాలెట్లు ఎక్కువ. ఎలక్ట్రమ్ పద్ధతి వేరు. ఒకదాని పదాలను మరొకదానిలో కొడితే తప్పు అని రావచ్చు, లేదా ఖాతా ఖాళీగా కనిపించవచ్చు. అంతమాత్రాన సొమ్ము పోయిందని గుండెలు బాదుకోనక్కర లేదు. కంగారుపడి పది యాప్‌లలో ఆ పదాలను కొట్టి చూడటమే అసలు ముప్పు.

కొత్త ఇల్లు ముందు, సామాను తరువాత

సొమ్ము పెద్దదైతే హార్డ్‌వేర్ వాలెట్ అనే చిన్న పరికరం కొనడం మేలు. తాళంచెవి ఆ పరికరంలోనే పుట్టి అందులోనే ఉంటుంది, కంప్యూటర్‌లోకి రాదు. దాన్ని తయారీదారుల వద్దనే కొనాలి. వాడినది కొనరాదు. పెట్టెలో ముందుగానే అచ్చు వేసిన సీడ్ పదాలు కనిపిస్తే అది మోసం. పదాలను ఆ పరికరం మన కళ్లముందే పుట్టించాలి. 2020లో లెడ్జర్ కంపెనీ నుంచి కొనుగోలుదారుల ఇంటి చిరునామాలు బయటికి పొక్కాయి. మరుసటి ఏడాది వారిలో కొందరి ఇళ్లకు నకిలీ పరికరాలే పోస్టులో వచ్చాయి. కనుక ఇంటికి చేరిందల్లా అసలుదని నమ్మరాదు.

కొత్త వాలెట్ ఇచ్చిన పదాలను కాగితం మీద చేత్తో రాసుకోవాలి. ఫోనులో ఫోటో తీయరాదు. ఆ తరువాత చాలామంది వదిలేసే పరీక్ష ఒకటి ఉంది. కొత్త చిరునామాకు ముందు కొద్దిపాటి సొమ్ము తెప్పించుకోండి. తరువాత ఆ వాలెట్‌ను పూర్తిగా చెరిపివేసి, రాసుకున్న పదాలతో మళ్లీ తెరవండి. ఆ కొద్ది సొమ్ము తిరిగి కనిపిస్తే మీ కాగితం సరైనది. కనిపించకపోతే రాసుకోవడంలో ఎక్కడో తప్పు దొర్లింది. ఆ తప్పు వంద రూపాయల వద్ద తెలియడం మంచిదా, కోటి రూపాయల వద్ద తెలియడం మంచిదా?

తరలించే రోజు

కాగితం వాలెట్ విషయంలో ముఖ్యమైన జాగ్రత్త చిల్లరకు సంబంధించినది. ఇరవై రూపాయల చాయ్‌కి ఐదువందల నోటు ఇస్తే దుకాణదారుడు మిగతాది తిరిగి ఇస్తాడు. బిట్‌కాయిన్‌లోనూ ఇంతే. ఒక చిరునామాకు ఒక విడతలో వచ్చిన సొమ్ము ఒక నోటు వంటిది. అందులో కొంత పంపినా మొత్తం నోటు ఖర్చయి, చిల్లర సాధారణంగా మరో కొత్త చిరునామాకు వస్తుంది. ఆ కొత్త చిరునామా తాళంచెవి మన పాత కాగితంలో ఉండదు, కంప్యూటర్‌లోని ప్రోగ్రాములో ఉంటుంది. ఈ సంగతి తెలియక, కాగితం భద్రంగానే ఉంది కదా అని కంప్యూటర్‌ను చెరిపివేసినవారు చిల్లరతో పాటు సర్వం పోగొట్టుకుంటారు. కనుక కాగితం వాలెట్ నుంచి ఇంత అంత అని తీయవద్దు. కొత్త ఇంటిని పైన చెప్పినట్టు పరీక్షించుకున్న తరువాత మొత్తాన్ని ఒకేసారి తరలించండి. దీన్ని ఊడ్చడం అనే అర్థంలో స్వీప్ అంటారు. ఇంపోర్ట్ అనే మరో బటన్ కూడా ఉంటుంది. అది పాత తాళంచెవిని లోపలికి తెచ్చి ఉంచుతుందే గాని సొమ్మును కదిలించదు.

పంపే చిరునామాను చేత్తో కొట్టకుండా నకలు చేసి అతికిస్తాం. మనం అతికించే క్షణంలో దొంగ చిరునామాను చొప్పించే వైరసులు ఉన్నాయి. మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు చూస్తే చాలదు. 2024 మేలో ఒకరు అలా పోలికగా ఉన్న నకిలీ చిరునామాకు సుమారు 6 కోట్ల 80 లక్షల డాలర్ల క్రిప్టో సొమ్ము పంపారు. అదృష్టవశాత్తు దొంగ అందులో చాలాభాగం తిరిగి ఇచ్చాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. ఇంట్లో ఒకరు తెర మీద అక్షరాలు చదువుతుంటే, మరొకరు పరికరం మీది అక్షరాలతో మొదటి నుంచి చివరి వరకు సరిచూడాలి.

రుసుము విషయంలోనూ కళ్లు తెరిచి ఉండాలి. అది పంపే మొత్తాన్ని బట్టి కాక, లావాదేవీ పరిమాణాన్ని బట్టి, ఆనాటి రద్దీని బట్టి ఉంటుంది. 2024 ఏప్రిల్ 20న ఒక లావాదేవీకి సగటు రుసుము 100 డాలర్లు దాటింది. రద్దీ తగ్గే వరకు ఆగితే సరిపోతుంది. పాక్సోస్ అనే పెద్ద సంస్థే 2023 సెప్టెంబరులో ఒక లావాదేవీకి పొరపాటున సుమారు 20 బిట్‌కాయిన్‌ల రుసుము కట్టింది. కనుక బటన్ నొక్కే ముందు రుసుము అంకెను రెండుసార్లు చదవాలి. పంపిన తరువాత సుమారు పది నిమిషాలకొకసారి లెక్కల పుస్తకంలో కొత్త పేజీ చేరుతుంది. ఆరు పేజీలు, అంటే సుమారు గంట గడిచిన తరువాత సొమ్ము చేరినట్టే.

బిట్‌కాయిన్ కాక వేరే నాణేలు ఉంటే, ఏ నెట్‌వర్క్ మీద ఉన్నాయో చూసి కొత్త చిరునామాను కూడా ఆ నెట్‌వర్క్‌లోనే తీసుకోవాలి. ఎథీరియం మీద ఉన్న యూఎస్‌డీటీని పంపాలంటే రుసుముకు కొంత ఈథర్ కూడా అవసరం.

పాత తాళంచెవితో మరో పని ఉంది. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ నుంచి బిట్‌కాయిన్ క్యాష్ విడిపోయింది. అంతకు ముందు నుంచి సొమ్ము ఉన్నవారికి అంతే సంఖ్యలో ఆ నాణేలు కూడా వచ్చాయి. వాటి కోసం తొందరపడవద్దు. ముందు బిట్‌కాయిన్‌ను కొత్త ఇంటికి చేర్చి, ఖాళీ అయిన పాత తాళంచెవితో తరువాత వీటి సంగతి చూసుకోవాలి. 2017 నవంబరులో బిట్‌కాయిన్ గోల్డ్ నాణేలు ఇప్పిస్తామని చెప్పిన ఒక వెబ్‌సైటు తాళంచెవులు సేకరించి 30 లక్షల డాలర్లకు పైగా కాజేసింది. వరుస తప్పినవారే అందులో చిక్కుకున్నారు.

సాయం పేరిట వచ్చేవారు

‘మామూ, ఆ పన్నెండు మాటలు నాకు వాట్సాప్‌లో పంపండి, నేను చూసుకుంటాను’ అని మేనల్లుడు ప్రేమతోనే అడగవచ్చు. అతడు మంచివాడే. కాని అతడి ఫోను, ఆ ఫోనులోని యాప్‌లు, రేపు ఆ ఫోను కొనుక్కునేవారు అందరూ మంచివారేనా? సాయం చేసేవారిని ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. పదాలను కొట్టేది మాత్రం సొమ్ము గలవారే.

పోయిన క్రిప్టో సొమ్మును తిరిగి ఇప్పిస్తామని ముందుగా రుసుము అడిగేవారు, కంపెనీ ప్రతినిధులమని ఫోను చేసేవారు, కంప్యూటర్‌ను దూరం నుంచి తమ చేతిలోకి ఇమ్మనేవారు, వీరిలో ఎవరినీ నమ్మరాదు. ఏ అసలు సంస్థా సీడ్ పదాలు అడగదు. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచుకోక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేయాలి.

లెక్క, పన్ను

మన సొంత పాత వాలెట్ నుంచి మన సొంత కొత్త వాలెట్‌కు పంపుకోవడం అమ్మకం కాదు. అయితే ఏ తేదీన, ఏ చిరునామా నుంచి, ఏ చిరునామాకు, ఎంత పంపారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఎప్పుడు, ఎంతకు కొన్నదీ తెలిపే పాత ఈమెయిళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాని వెంట ఉంచాలి. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఇటువంటి ఆస్తుల అమ్మకంపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉన్నాయి. కొన్న ధర తప్ప వేరే ఖర్చులు మినహాయించుకోవడానికి వీలు లేదు. 2022 జులై 1 నుంచి అమ్మకపు మొత్తంపై 1 శాతం టీడీఎస్ కూడా వచ్చింది. కొన్న రుజువు లేకపోతే రేపు లాభం లెక్క కట్టడం కష్టమవుతుంది. సొమ్ము పెద్దదైతే అమ్మే ముందే ఆడిటరును కలవడం మంచిది. అమ్మదలచినవారు ఆర్థిక నిఘా విభాగం వద్ద నమోదైన ఎక్స్ఛేంజిలోనే అమ్మాలి. అమ్మిన సొమ్మును వెంటనే బ్యాంకుకు తెచ్చుకోవాలి. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఖాతాదారుల ఆస్తులు దొంగల పాలయ్యాయి.

వారసుల హక్కు

క్రిప్టో కరెన్సీ ధర్మసమ్మతమా కాదా అన్న విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. మలేషియాలో సెక్యూరిటీస్ కమిషన్‌కు చెందిన షరియా సలహా మండలి 2020లో డిజిటల్ ఆస్తుల క్రయవిక్రయాలకు షరతులతో సమ్మతించింది. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో దాన్ని కరెన్సీగా వాడటం హరామ్ అని ప్రకటించింది. ఆ చర్చలో తీర్పు చెప్పడం మా పని కాదు. అది మీరు నమ్మిన ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవలసినది. అట్టిపెట్టుకోదలచినవారైనా, వదిలించుకోదలచినవారైనా మొదట దాన్ని క్షేమంగా చేతిలోకి తెచ్చుకోవాలి కదా! జకాత్ లెక్క అడగాలన్నా ఉన్నదెంతో ముందు తెలియాలి.

అంతకు మించిన ప్రశ్న మరొకటి ఉంది. మనిషి కన్నుమూస్తే అతడి అప్పులు తీరాలి, వసీయతు అమలు కావాలి, ఆ తరువాత భార్యకు, తల్లిదండ్రులకు, కుమారులకు, కుమార్తెలకు ఎవరి భాగం వారికి అందాలి. ఎవరికీ తెలియని వాలెట్‌లో ఉన్న సొమ్ము ఏ వారసునికి అందుతుంది? ఒక్క కుమారుడికే తాళంచెవి తెలిస్తే చెల్లెళ్ల భాగం సంగతి ఏమిటి? పొలాన్ని దాచలేం, ఇంటిని దాచలేం, కాని పన్నెండు మాటలను ఎవరైనా జేబులో వేసుకుని పోగలరు. ఇంట్లో వివాదానికి ఇంతకంటే పెద్ద విత్తనం లేదు.

కనుక సొమ్ము కొత్త ఇంటికి చేరిన రోజే ఒక కాగితం రాయాలి. ఇటువంటి ఆస్తి ఒకటి ఉందని, సుమారుగా ఎంత ఉందని, పరికరం ఎక్కడ ఉందని, సీడ్ పదాల కాగితం ఎక్కడ ఉందని అందులో ఉండాలి. ఆ పదాలు మాత్రం ఆ కాగితంలో ఉండరాదు. దాన్ని భార్యకు, మరొక నమ్మకస్తునికి చూపించాలి. పదాల కాగితాన్ని నీరు, నిప్పు తగలని చోట ఉంచాలి. రెండవ ప్రతిని వేరే ఇంట్లో భద్రపరచాలి. కొందరు రేకు మీద చెక్కించుకుంటారు, అదీ మంచిదే. అయితే చెక్కేది మన చేత్తోనే, బజారులో కాదు.

పాత కాగితాన్ని వెంటనే చింపివేయవద్దు. పాత చిరునామా ఖాళీ అయిందని, కొత్తదానిలో మొత్తం చేరిందని, విడిపోయిన నాణేల సంగతి కూడా తేలిందని రూఢి చేసుకున్న తరువాత కూడా దాన్ని పక్కన ఉంచినందువల్ల నష్టం లేదు. అది ఇప్పుడు ఖాళీ గది తాళంచెవి.

ఈ పనికి గొప్ప చదువు అక్కర లేదు, నిదానం కావాలి. పదేళ్లు ఆగిన సొమ్ము మరో పది రోజులు ఆగుతుంది. ఎవరైనా ‘ఈ రాత్రికే చేయాలి, లేకపోతే పోతుంది’ అని తొందరపెడితే, ఆ రాత్రి కంప్యూటర్ మూసివేసి నిద్రపోండి. మరునాడు ఇంటిల్లిపాదీ కూర్చుని, మొదట చిరునామా చూసి, నకలు తీసి, కొత్త ఇల్లు కట్టుకుని, పరీక్షించి, ఆ తరువాత సొమ్మును పంపండి. తాళంచెవిని మాత్రం ఎవరికీ పంపకండి.